కన్నుల వణుకును చదివిన వైద్యుడు: రాబర్ట్ బారాని

ఆటస్థలమున తలకు దెబ్బ తగిలి పడిన ఆటగాని యొద్దకు పరుగెత్తిన వైద్యుడు గాయమును మాత్రమే చూచి ఊరకుండడు. తన వ్రేలిని ఇటునటు కదల్చి, దానిని చూపుతో వెంబడింపుమనును. దెబ్బ తలకు, పరీక్ష కన్నులకు! ఈ వింత సంబంధమును విప్పి చెప్పినవారిలో అగ్రగణ్యుడు కంటి వైద్యుడు కాడు, చెవి వైద్యుడు.

రాబర్ట్ బారాని 1876 ఏప్రిల్ 22వ తేదీన వియన్నా నగరమున జన్మించెను. ఆరుగురు సంతానములో పెద్దవాడు. బాల్యముననే ఎముకలకు క్షయ సోకి, ఒక మోకాలు జీవితాంతము బిగుసుకొనిపోయెను. అయినను ఆయన టెన్నిస్ ఆడుట మానలేదు, కొండలెక్కుట మానలేదు. 1900లో వియన్నా విశ్వవిద్యాలయమున వైద్యపట్టమును పొంది, 1903లో సుప్రసిద్ధుడైన పోలిట్జర్ పండితుని చెవి వైద్యశాలలో చేరెను.

అచ్చట ఆయనకు నిత్యము పడిన పని చాల సామాన్యమైనది: రోగుల చెవులను పిచికారీతో నీరు పట్టి కడుగుట. కడుగునపుడు కొందరికి తల తిరిగెడిది. బారాని వారి కన్నులను పరికించి చూడగా, గ్రుడ్లు ఒక ప్రక్కకు మెల్లగా జరిగి, వెంటనే రెండవ ప్రక్కకు చటుక్కున దుముకుచుండెను. ఈ కంపమును వైద్యులు నిస్టాగ్మస్ అందురు. ఒకనాడు ఒక రోగి, నీరు చల్లగా నున్నపుడు మాత్రమే తనకు తల తిరుగుచున్నదని చెప్పెను. నీటిని కాచి తెమ్మని బారాని పరిచారికకు పురమాయించెను. ఈ మారు నీరు మిక్కిలి వేడియైనది. రోగికి మరల తల తిరిగినది. కాని కన్నుల దుముకు మునుపటికి ఎదురు దిశగా నుండెను!

ఇతరులైనచో రోగికి క్షమాపణ చెప్పి నీటిని చల్లార్చి యుందురు. బారాని ఆలోచనలో పడెను. మన ఇండ్లలోని నీళ్లకాగును తలచుకొన్నచో ఆయన ఆలోచన సులభముగా బోధపడును. మంట అడుగున నున్నను, వేడెక్కిన నీరు తేలికయై పైకి వచ్చును, చల్లనిది క్రిందికి దిగును. చెవి లోపలి భాగమున అర్ధవర్తుల కుల్యలను సన్నని వంపు గొట్టములు మూడు గలవు. వానిలో ద్రవముండును. తల తిరిగినపుడు ఆ ద్రవము కదలి మెదడునకు వార్త నంపును. మెదడు ఆ ప్రకారము కన్నులను త్రిప్పును. చల్లని నీరు తగిలిన ద్రవము దిగును, వేడి నీరు తగిలినది లేచును. తల కదలకున్నను కదలినట్లు మెదడు మోసపోవును. ఇది నిజమైనచో తలను తలక్రిందు చేసిన కంపము కూడ తారుమారు కావలెను గదా! పరీక్షించి చూడగా అట్లే అయ్యెను. 1906లో ఈ విషయమును గ్రంథముగా ప్రకటించెను. (1983లో అంతరిక్షమున, బరువు లేని స్థితిలో గూడ ఈ కంపము కలుగుటను స్పేస్‌లాబ్ శాస్త్రజ్ఞులు గమనించిరి. కావున ద్రవప్రవాహమొక్కటే కారణము కాదని తేలినది. పరీక్ష మాత్రము వైద్యశాలలలో నిలిచియే యున్నది.)

ఆటగాండ్ర సంగతికి వత్తము. తల గట్టిగా అదరినపుడు కలుగు కంకషన్‌లో పుర్రె పగులనక్కరలేదు, సామాన్యమైన స్కానులో ఏమియు కనబడకపోవచ్చును. కాని చెవిని, మెదడును, కంటి కండరములను కలుపు నాడీమార్గము తడబడవచ్చును. 2014లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిశోధకులు ఇందుకై వామ్స్ అను పరీక్షను ప్రకటించిరి. ఆటగాడు కదలు గుఱిని చూపుతో వెంబడింపవలెను. రెండు గుఱుల నడుమ చూపును చకచక మార్చవలెను. తల నాడించుచు ఎదుటి అక్షరముపై దృష్టి నిలుపవలెను. అక్షరమును ముక్కు చెంతకు తెచ్చినపుడు ఎంత దూరమున అది రెండుగా కనబడునో కొలుతురు. తలనొప్పియో, తలతిరుగుడో, వికారమో, మనసు మసకబారుటయో హెచ్చినదా యని ప్రతి మారు అడుగుదురు.

ఒక్క పరీక్షను నమ్మి కూర్చుండుట మాత్రము ప్రమాదము. 2019 ఆగస్టున లార్డ్స్ మైదానమున స్టీవ్ స్మిత్‌కు బంతి మెడపై తగిలెను. పరీక్షలలో నెగ్గి ఆనాడే మరల బ్యాటింగునకు వచ్చెను. మరునాటికి లక్షణములు బయటపడెను. ఆయన స్థానమున లబుషేన్ ఆడవలసి వచ్చెను. ఉపాధ్యాయులు గూడ ఒకటి గమనింపవలెను. ఆటలో దెబ్బ తగిలిన పిల్లవాడు మరునాడు చదువుచు వరుస తప్పుచున్నను, నల్లబల్ల నుండి పుస్తకమునకు చూపు మరల్చగనే తల పట్టుకొనుచున్నను, అది సోమరితనము కాకపోవచ్చును, వైద్యునికి చూపవలెను.

1914లో యుద్ధము వచ్చెను. బారాని ఆస్ట్రియా సైన్యమునకు పౌరవైద్యుడుగా పెజెమిసిల్ కోటలో పనిచేసెను. తలకు తుపాకిగుండు తగిలిన సైనికుల గాయములను తెరచి యుంచక, శుభ్రపరచి వెంటనే కుట్టివేయు పద్ధతిని అవలంబించెను. 1915 మార్చిలో కోట రష్యనుల వశమయ్యెను. బారాని బందీయై, నేటి తుర్క్‌మెనిస్తాన్‌లోని మెర్వ్ శిబిరమునకు చేర్చబడెను. అచ్చట మలేరియా పట్టి పీడించెను. 1914వ సంవత్సరపు నోబెల్ బహుమతి తనకు లభించెనను వార్త ఆయనను చేరినది ఆ చెరలోనే! రెడ్‌క్రాస్ పక్షమున స్వీడన్ రాకుమారుడు కార్ల్ కల్పించుకొనగా 1916లో విడుదల పొంది, ఆ సెప్టెంబరున స్టాక్‌హోమ్‌లో నోబెల్ ఉపన్యాసము నిచ్చెను.

స్వదేశమున మాత్రము ఆయనకు సన్మానము దొరకలేదు. పూర్వుల కృషిని తగినట్లు పేర్కొనలేదని వియన్నాలోని సహోద్యోగులు నింద వేసిరి. కుల్యల రహస్యమును ఫ్లూరెన్స్, బ్రాయర్ వంటివారు ముందే చాలవరకు శోధించిన మాట నిజము. అయినను ఆ జ్ఞానమును రోగి మంచము కడకు తెచ్చిన కీర్తి బారానిదే యని నా అభిప్రాయము. మనసు విరిగి ఆయన 1917లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయమునకు వెడలిపోయెను. పండుకొని ప్రక్కకు తిరుగగనే కలుగు ఒకవిధమైన తలతిరుగుడును 1921లో వర్ణించినది అచ్చటనే. 1936 ఏప్రిల్ 8వ తేదీన, అరువదియవ జన్మదినమునకు పదునాలుగు దినముల ముందు, ఉప్సలాలోనే కన్నుమూసెను.