తెలుగువారి కొరకు వచ్చిన తమిళ బిషప్ అజరయ్య గారు

మేము చిరాగ్‌పల్లి వారము. జహీరాబాదు దాటి బొంబాయి రోడ్డున పోతే కర్ణాటక మొదలయ్యే చోట మా ఊరు. తెలుగు, కన్నడము, ఉర్దూ, లంబాడీ మాటలు ఇక్కడ ఒకే సంతలో వినబడతాయి. ఇన్ని భాషల, ఇన్ని కులముల మనుషుల మధ్య సంఘము ఎట్లా ఒక్కటిగా నిలుస్తుందని ఆలోచించినప్పుడు మాకు దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారే జ్ఞాపకము వస్తారు. దోర్నకల్ మాకు చాలా దూరమే. అయినా ఆయన కాలమున రెండూ నిజాము రాజ్యములోనివే.

అజరయ్య గారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై గ్రామములో, నాడార్ కులములో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గారు సంఘ గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొని, 1895 నుండి వై.యం.సి.ఎ.లో పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు.

1902లో జాఫ్నా వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో మిషనరీ సేవ జరిపించడము చూశారు. ఆ దృశ్యము ఆయనను నిద్రపోనివ్వలేదని చెప్పవచ్చు. మరుసటి సంవత్సరమే తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. దానిలో దొరల డబ్బు లేదు, పెత్తనమూ లేదు. ఆ సొసైటీ ఎంచుకొన్న సేవాక్షేత్రమే దోర్నకల్. ఇతరులను పంపి తాను ఊరక కూర్చోవడము ఆయనకు సరిపడలేదు. 1909లో డీకనుగా అభిషేకము పొంది, 35వ ఏట ఇక్కడకు వచ్చి తెలుగు అక్షరాలు దిద్దుకొన్నారు.

1910లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన చేసిన ప్రసంగము పెద్ద కలకలము రేపింది. మిషనరీలు ఎంత త్యాగము చేసినా భారతీయులను సమానులుగా, స్నేహితులుగా చూడడము లేదని దొరల ముఖముమీదనే చెప్పారు. కొందరు నొచ్చుకొన్నారు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ దేవాలయములో ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్ కావడము అదే మొదలు. దీనిని వ్యతిరేకించినవారు దొరలు మాత్రమే కారు. ఆయన పుట్టిన కులమును చూచి మన క్రైస్తవులు కొందరు కూడా పెదవి విరిచారు. ఈ సంగతి కొందరు చెప్పరు గాని, చెప్పడమే మంచిదని మా అభిప్రాయము.

మొదట చిన్నదైన డయోసీస్ తరువాత కృష్ణా సీమ వరకూ వ్యాపించింది. 1941 నాటికి విశ్వాసులు రెండు లక్షలు దాటారు. ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఆ రెండు పల్లెల మధ్యనున్న ఎడము ఎంతటిదో మన తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ప్రభువు బల్లయొద్ద అందరికీ ఒకే పాత్ర అన్న విషయములో ఆయన మెత్తబడలేదు. మురికి, రోగము, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యములతో పోరాడడము కూడా సువార్త పనిలో భాగమేనని నేర్పారు. బాప్తిస్మము పొందినవారు తమ తలపై తామే చెయ్యి ఉంచుకొని, సువార్త ప్రకటించెదమని ప్రమాణము చేసేవారు. చదువు రాని కూలి మనిషి కూడా ఆ విధముగా మిషనరీయే అయ్యాడు.

హరిజనుల మతమార్పిడి విషయములో 1930లలో గాంధీగారికీ ఆయనకూ గట్టి భేదాభిప్రాయము కలిగింది. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వద్దన్నవారు కూడా ఆయనే. సంఘము దేశమునుండి విడిపోయి ఒక గుంపుగా మిగిలిపోరాదని ఆయన పట్టు.

దోర్నకల్‌లో 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దేవాలయము చూచినవారికి ఆయన మనస్సు అర్థమవుతుంది. మండపము, స్తంభములు హిందూ కోవెల తీరు, గుమ్మటములు మసీదు తీరు. వాటి నడుమ సిలువ. ఇంగ్లండు గుడికి నకలు కట్టలేదు.

సంఘముల ఐక్యత కొరకు 1919లో తరంగంబాడిలో మొదలైన ప్రయత్నమునకు ఆయన పాతిక సంవత్సరములు పాటుపడ్డారు. దాని ఫలము మాత్రము చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ప్రారంభమైంది.