మనోవికాస శాస్త్రవేత్త వైగాట్‌స్కీ

మానవునకు బుద్ధి పుట్టుకతో వచ్చునా, పెంపకముచే అలవడునా అను వివాదము ప్రాచీనమైనది. ఈ రెంటిని విడదీసి చూడరాదని బోధించిన మేధావి లెవ్ వైగాట్‌స్కీ.

ఆయన 1896వ సంవత్సరమున రష్యా సామ్రాజ్యములోని ఓర్షా పట్టణమున యూదు కుటుంబమునందు జన్మించి, గోమెల్ నగరమున పెరిగెను. విశ్వవిద్యాలయములలో యూదులకు బహుకొద్ది స్థానములే లభించు కాలమది. 1913లో ఆ స్థానములకును చీట్లు వేసిరి. అదృష్టవశమున ఆయన పేరు వచ్చుటచే మాస్కోలో న్యాయశాస్త్రము చదువగలిగెను. పిమ్మట గోమెల్‌లో ఉపాధ్యాయుడై యుండగా క్షయవ్యాధి సోకెను. 1924లో పెట్రోగ్రాడ్ మహాసభలో ఆయన చేసిన ప్రసంగము విద్వాంసుల నాకర్షింపగా, మాస్కో మనోవిజ్ఞాన సంస్థనుండి పిలుపు వచ్చెను.

అచ్చట ఆయన అంధులును బధిరులును అగు బాలల విద్యను గూర్చి విశేషముగా కృషిచేసెను. చూపు లేకుండుట శరీరధర్మము. చదువు లేకుండుట మాత్రము సంఘము చేసిన లోపము. లిపి చూపుగలవారికై ఏర్పడినది. ఉబ్బెత్తు చుక్కల లిపి నందించినచో అదే జ్ఞానము వ్రేళ్లకొసల ద్వారా అంధబాలుని చేరును. సహజశక్తులు భాష, లిపి, గణితము మొదలగు సాధనములతో పెనవైచుకొని క్రొత్తరూపము దాల్చునని ఆయన సిద్ధాంతము. బిడ్డ ఒంటరిగా చేయగల దానిని మాత్రమే కొలిచిన చాలదు. పెద్దల తోడ్పాటుతో ఎంత చేయగలడో కూడ చూడవలయును.

ఈ సిద్ధాంతమును పరీక్షించుటకై సహచరుడు లూరియా 1931, 1932 సంవత్సరములలో ఉజ్బెకిస్తాన్ గ్రామములకు పోయెను. వ్యాధిగ్రస్తుడైన వైగాట్‌స్కీ వెంట పోజాలకపోయెను. సుత్తి, రంపము, గొడ్డలి, దుంగ అను నాలుగింటిలో పొసగనిదేదని లూరియా అడుగగా, నిరక్షరులైన రైతులు పలువురు దుంగను విడువ నొల్లరైరి. దుంగయే లేనిచో తక్కినవాటికి పనియేమున్నదని వారి తర్కము. కొద్దిపాటి చదువు అబ్బినవారు పనిముట్లను వేరొక తరగతిగా నెంచిరి. ఒకే జాతివారి నడుమ కనబడిన ఈ భేదమునకు విద్యయు వృత్తియు కారణములని లూరియా నిర్ణయించెను. బడిచదువు నేర్పిన ఆలోచననే ఉన్నతమైనదిగా నెంచుటను తరువాతి పండితులు విమర్శించిరి. ప్రభుత్వాగ్రహమునకు గురియైన ఆ పరిశోధన గ్రంథరూపమున 1974లో గాని వెలువడలేదు.

వైగాట్‌స్కీ 1934 జూన్ 11న, తన 37వ యేట, క్షయవ్యాధితో కన్నుమూసెను. ఆలోచనకును భాషకును గల సంబంధమును వివరించు ఆయన మహాగ్రంథము మరణానంతరము అదే సంవత్సరమున వెలువడెను. 1936లో బాలల మానసిక పరీక్షలపై నిషేధము వచ్చుటతో ఆయన రచనలును మరుగునపడి, 1956లో మరల ముద్రణ పొందెను.

పాఠశాలలో వెనుకబడిన బిడ్డను మందబుద్ధియని త్రోసివేయక, వానికి తగిన సాధనమును వెదకి యిచ్చు ప్రతి ఉపాధ్యాయునియందును ఆయన కృషి ఫలించుచునే యున్నది.