కెన్నెత్ ఆండర్సన్

గిద్దలూరు నుండి నంద్యాలకు పోవు రైలుమార్గమున దిగువమెట్ట యను చిన్న స్టేషను గలదు. చుట్టును నల్లమల కొండలు. వానిలో చెంచుల గూడెములు. పులులకు, చిరుతలకు, ఎలుగుబంట్లకు ఆ యడవి నిలయము. ఈ ప్రాంతపు క్రూరమృగమును గూర్చి ఇంగ్లీషున కథ వ్రాసి, దిగువమెట్ట పేరును దూరదేశముల పాఠకులకు తెలిపిన రచయిత కెన్నెత్ ఆండర్సన్. వేటగాడై జీవితము నారంభించి, వన్యమృగములకు మిత్రుడై ముగించిన వాని చరిత్ర మన మెరుగదగినది.

ఆండర్సన్ 1910వ సంవత్సరము మార్చి 8వ తేదీన హైదరాబాదు సంస్థానమునందలి బొలారమున జన్మించెను. స్కాట్లండు నుండి వచ్చిన అతని పూర్వులు ఆరు తరములుగా భారతదేశముననే యుండిరి. అతడు బెంగుళూరులోని బిషప్ కాటన్ పాఠశాలలోను, సెయింట్ జోసెఫ్ కళాశాలలోను చదివెను. పదునైదేండ్లు తంతి తపాలా శాఖలో పనిచేసి, పిమ్మట బెంగుళూరు విమాన కర్మాగారమున ఉన్నతోద్యోగి యయ్యెను. సెలవు దొరికినచో చాలును, అతడు అడవిదారి పట్టెడివాడు.

అడవిలో అతనికి గురువు బైర యను నిరుపేద గిరిజనుడు. సేలం ప్రాంతపు వనములలో దొంగవేటతో పొట్టపోసికొను ఆ బైరతో ఆండర్సన్ చెలిమి చేసెను. అడుగుజాడను బట్టి మృగము పోయిన దారిని, పక్షుల కూతను బట్టి దాని రాకను కనుగొను విద్యను వానియొద్ద నేర్చుకొనెను. తెల్లవాడనను గర్వము అందుల కడ్డు రాలేదు.

ఆ కాలమున పల్లెవేటగాండ్ర చేతులలో నుండినవి నాటుతుపాకులు. గొట్టపు మూతినుండి నల్లమందు పోసి, సీసపు గుండు వేసి, కడ్డీతో దట్టింపవలెను. ఒకసారి ప్రేల్చిన పిమ్మట మరల సిద్ధపరచుటకు చాల సేపు పట్టును. తేమ తగిలినచో మందు అంటుకొనదు. అంటుకొన్నచో ఆ పొగలో ఎదుటి మృగము కానరాదు. ఉండవంటి గుండు గాలిలో త్వరగా వేగము కోల్పోవును. సమీపమునుండి గురిచూచి కొట్టిననే అది ప్రాణము తీయగలదు. దూరమైనచో గాయము మాత్రమే చేయును. ఎలుగుబంటికి జూలు దట్టము; నల్లని ఆ వెండ్రుకల గుట్టలో మర్మస్థానమెక్కడనో తెలియుట కష్టము. ఆండర్సన్ వాడినది వించెస్టర్ రైఫిలు. దాని గుండు బరువు రమారమి 19 గ్రాములు. వెంటవెంటనే పలుమార్లు కాల్చుటకు వీలుండెను.

మృగము నరభక్షకమగుటకు తరచుగా మనుష్యుడు చేసిన గాయమే కారణమని ఆండర్సన్ తన గ్రంథములలో పలుమార్లు తెలిపెను. కాలు కుంటుపడి జింకను పట్టలేని పులి యేమి చేయును? తేలికగా దొరకు మనుష్యునిపై పడును. వేటగాని పొరపాటునకు కట్టెలకు పోయిన వృద్ధురాలో, పశువులు కాయు బాలుడో బలియగును.

మైసూరు రాష్ట్రమున అరసికెరె చెంతనున్న కొండలలోని ఎలుగుబంటి యిందులకు తార్కాణము. అది పండ్రెండుగురిని చంపి, మరి రెండు డజన్ల మందిని వికృతపరచెను. గోళ్లతో, కోరలతో ముఖమును చీల్చుట దాని పద్ధతి. బ్రతికినవారిలో పలువురు కన్నులు గోల్పోయిరి. పూర్వము మనుష్యులచే గాయపడుటవలననే దానికట్టి పగ పుట్టెనని ఆండర్సన్ తలంచెను. తన మిత్రుడైన ఒక దర్గా సంరక్షకుని కుమారుడు దాని వాతబడగా అతడు బెంగుళూరు నుండి బయలుదేరెను. రెండుమార్లు ప్రయత్నము విఫలమైనను విడువక, మూడవమారు దానిని కూల్చెను. ఈ వృత్తాంతము 1957లో వెలువడిన అతని రెండవ గ్రంథమున గలదు.

1939 మొదలు 1966 వరకు ఏడు నరభక్షక వ్యాఘ్రములను, ఎనిమిది చిరుతలను అతడు చంపినట్లు ప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. అయినను చంపుటయందు అతనికి సంతోషము లేకుండెను. కాలక్రమమున అడవులు తరిగి, మృగములు క్షీణించుట చూచి మిక్కిలి చింతిల్లెను. తుదకు తుపాకి మాని కెమెరాతో మృగముల చిత్రములు తీయుచు, వాని రక్షణకై కలము పట్టెను. 1974వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన బెంగుళూరులో కన్నుమూసెను. అంతకు రెండేండ్ల ముందే, 1972లో, వన్యప్రాణి సంరక్షణ శాసనము వెలసెను. నేడు ఎలుగుబంటిని వేటాడుట నేరము.

బాలబాలికలారా! మీలో కొందరు వేసవిలో పెద్దలతో తునికాకునకో, పండ్లకో అడవికి పోవువారుందురు. ఎలుగుబంటికి చూపు, వినికిడి తక్కువ; మనము దగ్గరకు వచ్చువరకు అది గుర్తింపదు; గుర్తించినంతనే భయముతో పైబడును. కావున ఒంటరిగా పోరాదు, మాటలాడుకొనుచు నడువవలెను. తెల్లవారుజామునను, మునిమాపునను పుట్టల చెంతకు, పండ్లచెట్ల క్రిందికి పోరాదు. పిల్లలను వీపున మోయు తల్లి కంటబడినచో పరుగెత్తక, మెల్లగా వెనుకకు తొలగవలెను. పైబడినచో బోరగిల పడుకొని, చేతులతో మెడను కప్పుకొని, ముఖమును కాపాడుకొనవలెను.

అడవి మృగమునకు ఇల్లు; మనము అందు అతిథులము. తుపాకి చేతనుండియు ఈ సత్యమును గ్రహించినవాడు గనుకనే ఆండర్సన్ చిరస్మరణీయుడయ్యెను.