వేటూరి ప్రభాకరశాస్త్రిగారు - వంశచరిత్ర పరిశోధనము

వంశమనగా ఏకలక్షణము గల సంతానపరంపర యనియు, అది జన్మచేతను విద్యచేతను ద్వివిధమనియు వైయాకరణులు వివరించిరి. పుత్రపౌత్రాదులతో సాగునది మొదటిది. గురుశిష్యులతో సాగునది రెండవది. ఈ రెండు పరంపరలను వెలికి దీసి నిలుపుటకు జీవితమును ధారపోసిన ఆంధ్రపండితులలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అగ్రగణ్యులు. గుడ్లవల్లేరు, గుడివాడ, బందరు, దివిసీమ ప్రాంతములందలి కుటుంబములవారు ఒకచోట గూడి తమ వంశవృక్షములను కూర్చుకొన దలచినచో, ఈ ప్రాంతమువారేయైన శాస్త్రిగారి జీవితమును ముందుగా పరిశీలింపదగును.

శాస్త్రిగారు 1888 ఫిబ్రవరి 7వ తేదీన కృష్ణామండలమునందలి పెదకళ్లేపల్లిలో జన్మించిరి. తల్లి శేషమ్మ, తండ్రి సుందరశాస్త్రి. కృష్ణాతీరమున నాగేశ్వరస్వామి వెలసిన ఆ గ్రామమునకు దక్షిణకాశి యను ప్రసిద్ధి కలదు. శాస్త్రిగారు పిదప చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి శిష్యులైరి. విశ్వనాథ సత్యనారాయణగారు, పింగళి లక్ష్మీకాంతముగారు, కాటూరి వేంకటేశ్వరరావుగారు మున్నగువారితో గూడిన ఆ శిష్యవర్గమే కృష్ణాతీరమున వెలసిన యొక గొప్ప విద్యావంశము.

అనంతరము శాస్త్రిగారు మద్రాసునందలి ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున చాలకాలము పనిచేసిరి. 1821లో మరణించిన కర్నలు కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియతులలోను, సి.పి. బ్రౌను సేకరించిన ప్రతులలోను పెక్కులు ఆ భాండాగారమున కలవు. కైఫియతులలో కరణములు చెప్పిన గ్రామవృత్తాంతములును, సంస్థానాధీశుల వంశావళులును కానవచ్చును. వీనిలో సత్యమెంత కలదో అతిశయమును అంతే కలదు. నాలుగైదు తరముల వఱకు పేర్లు, ఊర్లు, మాన్యములు పొందికగా నుండును. అటుపైన వంశము హఠాత్తుగా సూర్యునివద్దకో చంద్రునివద్దకో చేరును. ఏ తరమువఱకు సాక్ష్యము కలదో, ఎచ్చట కీర్తికాంక్ష ఆరంభమైనదో గుర్తించుటయే పరిశోధకుని మొదటి ధర్మము.

శాస్త్రిగారు చాటుపద్యమణిమంజరిని కూర్చిరి. జనుల నోళ్లయందును, ఇండ్లలోని తాళపత్రములయందును చెదరియున్న పద్యములు ఒక్కచోటికి చేరినది పలువురి సహకారముచేతనే. 1918లో వెలువడిన ప్రబంధరత్నావళి లుప్తగ్రంథముల పద్యములను రక్షించినది. 1923లో శృంగారశ్రీనాథము వెలువడినది. 1926లో ఆంధ్రగ్రంథమాలయందు బసవపురాణము ఆయన పీఠికతో ప్రచురితమైనది. ఆ గ్రంథమాలను నడపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మన ఎలకుఱ్ఱువారే.

కవి వంశమును నిర్ణయించుటలో ఎదురగు చిక్కులకు శ్రీనాథుడే నిదర్శనము. అతని తాత కమలనాభామాత్యుడు సముద్రతీరమునందలి కాల్పట్టణమునకు అధిపతి. ఆ పట్టణ మేదియను విషయమున పండితులు వాదోపవాదములు చేసిరి. మఱియు జనశ్రుతి శ్రీనాథుని పోతనకు బావమఱదిగా జేసినది. పోతన భాగవతావతారికలో తల్లిదండ్రులగు లక్కమాంబా కేసనలను, అన్న తిప్పనను పేర్కొనెనే కాని శ్రీనాథునితో బంధుత్వమును చెప్పలేదు. కథ ఎంత మనోహరమైనను, వంశవృక్షమున కొమ్మను నిలుపుటకు అది చాలదు.

పాల్కురికి సోమనాథుని విషయము మఱియొక తెరగు. శ్రియాదేవీ విష్ణురామిదేవులు తన తల్లిదండ్రులని చెప్పిన ఆ కవి, శివభక్తి సంబంధమునే తన నిజమైన కులముగా నెంచెను. అతని పుట్టుకను గూర్చి పండితులలో దీర్ఘమైన చర్చ సాగినది. జన్మవంశమును విద్యావంశమును వేఱుపఱచి చూడనిచో ఇట్టి చర్చలు తెగవు.

శాస్త్రిగారి జీవితాంత్యమున తిరుపతియందు జరిగిన కృషి వంశచరిత్ర పరిశోధనమునకు శిఖరము. తిరుమల ఆలయమునందలి సంకీర్తనభాండారమున తాళ్లపాకవారి సంకీర్తనములు చెక్కిన రాగిరేకులు రెండువేలకు పైగా నుండెను. శతాబ్దములపాటు వానిని లోకము మఱచెను. అన్నమాచార్యుని మనుమడగు చినతిరువేంగళనాథుడు, అనగా చిన్నన్న, ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రమును శాస్త్రిగారు పరిష్కరించి, విపులమైన పీఠికతో 1949లో తిరుమల తిరుపతి దేవస్థానముల పక్షమున ప్రకటించిరి.

తాళ్లపాకవారి వంశమున మూడు విధముల సాక్ష్యములు ఒండొంటిని బలపఱచుచున్నవి. మనుమడు వ్రాసిన చరిత్ర మొకటి. శకవర్షము 1346 క్రోధి నుండి శకవర్షము 1424 దుందుభి వఱకు, అనగా క్రీ.శ. 1424 మొదలు 1503 వఱకు, అన్నమాచార్యుని సంకీర్తనరచనాకాలమును తెలుపు రాగిరేకు రెండవది. కుమారుడగు పెదతిరుమలాచార్యుని దానధర్మములను చెప్పు తిరుమల శిలాశాసనములు మూడవది. తాత, తండ్రి, మనుమలు మూడు తరములవారును కవులే యగుటచే జన్మవంశము, విద్యావంశము ఇచ్చట ఏకమైనవి. సుభద్రాకల్యాణకర్త్రియగు తిమ్మక్క అన్నమాచార్యుని ధర్మపత్ని. స్త్రీల పేర్లు లోపించిన వంశవృక్షము సగము కొమ్మలు నఱికిన చెట్టు వంటిదని ఆమె పేరు గుర్తు చేయుచున్నది.

ఈ గ్రంథము వెలువడిన మఱుసటి యేడు, 1950 ఆగస్టు 29వ తేదీన, శాస్త్రిగారు పరమపదించిరి. ఆయన కుమారులు ఆనందమూర్తిగారు తాళ్లపాక సాహిత్యపరిశోధనమును కొనసాగించుటచే వేటూరివారియందును ఆ రెండు వంశములు కలసి సాగినవి.

ఈ జీవితమునుండి మనము గ్రహింపవలసిన దేమి? మన యిండ్లలో వివాహవేళ ప్రవర చెప్పుదురు. పితృకార్యమున మూడు తరముల పేర్లు ఉచ్చరింతురు. ఆపై తరముల పేర్లు పెద్దవారి జ్ఞాపకమున నిలిచినంతవఱకే. పైగా మనది ఉప్పెనల సీమ. 1864 నవంబరు 1వ తేదీన బందరును, 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను సముద్రము ముంచెత్తినది. ఇల్లే కొట్టుకొని పోయినచోట పెట్టెలోని వంశపత్రిక నిలుచుట యెట్లు? తాళ్లపాకవారి పదములు రాగిపై నెక్కుటచే నిలిచినవి. మనకు రాగిరేకులు లేవు; పలువురి చేతులలో పలు ప్రతులుండుటయే మనకు రక్ష.

కావున సగోత్రులును, ఒకే యింటిపేరు గలవారును కూడినప్పుడు భోజనములతో సరిపెట్టుకొనక, ప్రతి శాఖవారును తమ కడనున్న దస్తావేజులను, జాతకములను, మాన్యపత్రములను తెచ్చి సరిచూచుకొనవలెను. ఆడపడుచులు మెట్టిన యిండ్లు, కోడండ్రు పుట్టిన యిండ్లు వ్రాయవలెను. దత్తతలను దాచరాదు. వినికిడిని వినికిడిగాను, పత్రసిద్ధమైన దానిని పత్రసిద్ధముగాను వేర్వేఱుగా గుర్తింపవలెను. ఒక శాఖ చెప్పినది మఱియొక శాఖకు రుచింపకున్నచో రెండును వ్రాసి నిలుపవలెను. ప్రాచ్యకళాశాలల అధ్యాపకులు తమ గ్రామములందు ఇట్టి కూడికలకు లిపిజ్ఞానముతోడను, కాలనిర్ణయముతోడను తోడ్పడినచో, అది శాస్త్రిగారి విద్యావంశమునకు తర్పణమగును.