కన్నదే చెప్పిన సాక్షి

1841లో మన మచిలీపట్టణమునకు నోబుల్ దొరగారిని పంపిన చర్చి మిషనరీ సొసైటీవారే 1846లో యోహానెస్ రెబ్మన్ గారిని తూర్పు ఆఫ్రికాకు పంపిరి. ఆయన 1820లో జర్మనీయందలి గెర్లింగెన్‌లో జన్మించిరి. మొంబాసాయొద్ద రబాయిలో క్రాఫ్ గారితో కూడ సువార్తపని చేయుచు, చాగా జనులయొద్దకు కాలినడకను బయలుదేరిరి.

1848 మే 11న కిలిమంజారో శిఖరముమీద తెల్లనిదేదో కనబడెను. మేఘమనుకొనిరి. త్రోవ చూపువాడు దానిని చలి అని మాత్రమే చెప్పెను. అది మంచని రెబ్మన్ గారు గ్రహించి వ్రాసిరి. భూమధ్యరేఖ సమీపమున మంచు ఉండనేరదని, ఆ కొండను ఎన్నడును చూడని లండను పండితుడొకడు ఆక్షేపించెను. ఆయన మాట మార్చుకొనలేదు. 1862లో ఫాన్ డెర్ డెకెన్ గారు ఆ నిద్రించు అగ్నిపర్వతముపై ఇంచుమించు 4,200 మీటర్లు ఎక్కి, మంచు కురియుట చూచిరి. 5,895 మీటర్ల శిఖరమును 1889లో మేయర్, పుర్ట్‌షెల్లర్ గారలు చేరిరి.

రెబ్మన్ గారు ఆ కొండ ఎక్కలేదు. 29 సంవత్సరములు ఆఫ్రికాలోనే సేవచేసి, అక్కడనే భార్యను కోల్పోయి, ఆ జనుల భాషలకు నిఘంటువులు కూర్చి, చూపు మందగించి 1875లో స్వదేశము చేరి, 1876లో ప్రభువునందు నిద్రించిరి.

ఇది చదివి మేము సిగ్గుపడితిమి. ఒకరిద్దరు నవ్విన మాత్రమున మేము సాక్ష్యము మానిన దినములు కలవు. కన్నది చెప్పుట మన పని. దానిని స్థిరపరచుట దేవుని పని.