గణితాచార్యుడు మాస్టర్ రామచంద్ర

సత్యాన్వేషణము శాస్త్రమార్గమున సాగినను, మతమార్గమున సాగినను సాధకుని నుండి మూల్యమును కోరకమానదు. ఆ మూల్యమును రెండు మార్గములందును చెల్లించినవాడు ఢిల్లీ నగర వాసియగు మాస్టర్ రామచంద్ర.

ఆయన 1821లో పానిపట్టున కాయస్థ కుటుంబమున జన్మించెను. బాల్యముననే తండ్రి సుందరలాలు గతించెను. ఆరుగురు కుమారులను పెంచు భారము తల్లిపై బడెను. రామచంద్ర 1833లో ఢిల్లీలోని ఇంగ్లీషు పాఠశాలలో చేరెను. నడుమ కొంతకాలము గుమాస్తాగిరి చేసి మరల చదువు సాగించెను. 1844లో ఢిల్లీ కళాశాలలో పాశ్చాత్య శాస్త్రములను ఉర్దూభాషలో బోధించు ఉపాధ్యాయుడయ్యెను. ఉర్దూ సాహిత్యమున ప్రసిద్ధులైన నజీర్ అహమ్మదు, జకావుల్లా ఆయన శిష్యులే.

ఆయన హృదయము గణితమున లగ్నమై యుండెను. ఒక రాశి ఎప్పుడు గరిష్ఠమగును, ఎప్పుడు కనిష్ఠమగును అను సమస్యలను సాధించుటకు పాశ్చాత్యులు కలనగణితమును ఆశ్రయింతురు. భారతీయులకు సహజమైన మార్గము బీజగణితమని రామచంద్ర తలచెను. వర్గసమీకరణమునకు వాస్తవ మూలములు ఉండవలెనను నియమమునే ఆధారముగా గొని అట్టి సమస్యలను సాధించి, 1850లో సొంత ఖర్చుతో కలకత్తాలో గ్రంథమును అచ్చువేయించెను. అచటి విమర్శకులు దానిని చులకన చేసిరి. కాని లండనులోని గణితవేత్త ఆగస్టస్ డీ మోర్గన్ ఆ గ్రంథమున భాస్కరాచార్యుని సంప్రదాయము మరల చిగురించుటను గాంచెను. ఆయన పూనికచే 1859లో అది లండనున పునర్ముద్రితమయ్యెను.

ఇంతలో రామచంద్ర మనస్సున మరియొక అన్వేషణము సాగుచుండెను. విద్యావంతులగు ఆంగ్లేయులు మతమును నమ్మరని ఆయన భావించెడివాడు. ఒకనాడు చర్చిలో, తాను గౌరవించు విద్వాంసులే మోకరిల్లి ప్రార్థించుట చూచి ఆ భావము సడలెను. పిదప బైబిలును శ్రద్ధతో పఠించి, 1852లో కాశ్మీరీ దర్వాజా చెంతనున్న సెయింట్ జేమ్స్ చర్చిలో, వైద్యుడగు చిమన్‌లాలుతో గూడ క్రైస్తవమును స్వీకరించెను. నగరమున గొప్ప కలకలము చెలరేగెను.

అయిదేండ్లకు అసలు పరీక్ష వచ్చెను. 1857 మే 11న తిరుగుబాటు సైనికులు ఢిల్లీలో ప్రవేశించి చిమన్‌లాలును వధించిరి. క్రైస్తవుడైన రామచంద్ర ప్రాణములకును ముప్పు వాటిల్లెను. ఆయనను కాపాడినవారు ఆ మతమును స్వీకరింపని సోదరులు, ఒక పాత సేవకుడు. మతభేదము రక్తబంధమును, విశ్వాసపాత్రతను త్రెంపలేకపోయెను.

సెప్టెంబరులో ఆంగ్లేయులు నగరమును తిరిగి జయించిరి. ఇక భయములేదనుకొన్న రామచంద్రను ఆంగ్ల సైనికాధికారులే వీథిలో కొట్టిరి. తాను క్రైస్తవుడనని చెప్పినను వారు ఆయన దేహవర్ణమునే చూచిరి. విరోధుల హింసను విశ్వాసబలముచే ఓర్చుకొనవచ్చును గాని, స్వమతస్థులే హింసించుట దుర్భరమని ఆయన అధికారులకు నిర్భయముగా విన్నవించెను. అయినను విశ్వాసమును విడువలేదు, ద్వేషమునకు లోనుగాలేదు.

1858లో రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో బోధించి, తరువాత ఢిల్లీ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడై 1866లో విరమించెను. పటియాలా సంస్థానమున మహారాజా మహేంద్రసింహునకు గురువుగను, విద్యాశాఖాధిపతిగను సేవచేసి 1880లో పరమపదించెను.

ఒక పక్షమునకు ఆయన పరమతస్థుడు. మరియొక పక్షమునకు పరజాతీయుడు. ఈ రెండు తిరస్కారముల నడుమ నిలిచియు తాను నమ్మిన సత్యమును వీడక, నేర్చిన విద్యను పంచుచునే యుండెను. ఏ మార్గమున నడచు సాధకునకైనను ఇట్టి స్థైర్యమే ఆవశ్యకము.