బళ్ళారి శిలల చరిత్రకారుడు – రాబర్ట్ బ్రూస్ ఫుట్

బళ్ళారి సీమలోని కొండల పుట్టుకను పరిశోధించి లోకానికి తెలియజెప్పిన మహనీయులలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అగ్రగణ్యుడు. 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో జన్మించిన ఆయన, 1858లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో ప్రవేశించి మద్రాసు రాజధానికి వచ్చారు. 1863 మే 30న పల్లావరంలో ఆదిమానవుని రాతి పనిముట్టును గుర్తించి, మన దేశ చరిత్రపూర్వ యుగ పరిశోధనకు నాంది పలికారు.

నాడు మద్రాసు రాజధానిలో అంతర్భాగమైన బళ్ళారి జిల్లాలో తిరిగి, ఆయన రచించిన భూగర్భ వివరణ గ్రంథం 1895లో వెలువడింది. ఇనుప ఖనిజంతో నిండిన సండూరు కొండలు ముడుతలుపడిన ప్రాచీన శిలాశ్రేణులని అందులో నిరూపించారు. ఇట్టి శ్రేణులకు ధార్వార్ అని నామకరణం చేసినవారు ఆయనే.

గ్రానైటు కొండలను చీల్చుకొని సాగే నల్లరాతి గోడలను కూడ ఆయన శ్రద్ధగా పరిశీలించారు. ఇవి డైకులు. భూగర్భంలోని ద్రవశిల పగుళ్ళలోనికి చొచ్చుకొని, ఇరుపక్కల రాతిని ఎడంగా నెట్టి, చల్లబడి గట్టిపడగా ఏర్పడినవి. డైకు వెడల్పు ఎంతో, సుమారుగా ఆ రాయి అంత ఎడమైనదన్నమాట. కప్పగల్లు కొండపై నవీన శిలాయుగ మానవులు ఈ నల్లరాతితోనే గొడ్డళ్ళు చేసుకొన్నారు.

అయితే మైళ్ళ కొలది వ్యాపించిన గ్రానైటుకు చోటు ఎట్లు దొరికినది? ముడుతపడిన పొరలు వంపుల వద్ద విడివడి కొంత చోటిస్తాయి. ద్రవశిల పక్కలను నెట్టి, పైకప్పును ఎత్తి, విరిగిన బండలను తనలో ముంచుకొని, కొంత కరిగించుకొని మిగిలిన చోటు సంపాదిస్తుంది. గ్రానైటులో చిక్కుకొన్న పాతరాతి ముక్కలు, పాతరాతిలోనికి దూరిన గ్రానైటు తీగలు ఇందుకు సాక్ష్యాలు.

ధార్వార్ శిలలు గ్రానైటు, నైస్ శిలల పునాదిపై ఏర్పడినవని ఫుట్ భావించారు. ఆయన అనంతరం మైసూరు శాఖకు చెందిన స్మీత్, గ్రానైటే తరువాత చొచ్చుకొని వచ్చినదని వాదించారు. వాదం దశాబ్దాలు సాగింది. ధార్వార్ శిలలకన్న ప్రాచీనమైన నైస్‌లు, వాటికన్న అర్వాచీనమైన గ్రానైట్లు రెండూ కలవని కాలనిర్ణయ పరీక్షలు పిమ్మట తేల్చాయి. బళ్ళారి ప్రాంతపు గ్రానైట్ల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు.

1891లో పదవీ విరమణ చేసిన పిమ్మట బరోడా, మైసూరు సంస్థానాలకు సేవలందించిన ఫుట్, 1912 డిసెంబరు 29న కలకత్తాలో దివంగతులైనారు. ఆయన నిర్ణయాలలో కొన్ని సవరణకు లోనైనవి. కాని ఆ సవరణకు దారి చూపినది, ఎండనక వాననక కొండకొండకూ నడచి ఆయన సమకూర్చిన పరిశీలనలే. విద్యార్థి లోకానికి ఆయన జీవితం చిరకాల మార్గదర్శకం.